కోడిపుంజు దగ్గర ఎడమకి

ఇంగ్లండులో డోర్కింగ్ అనే ఊరి అంచున రెండు పెద్ద రోడ్లు కలిసేచోట, రౌండబౌట్ నడిమధ్యన ఓ కోడిపుంజు బొమ్మ నిలబడి ఉంటుంది. లోహంతో చేసింది, మనిషికన్నా చాలా ఎత్తు. పండగలొస్తే ఎవరో రాత్రికి రాత్రి దానికి టోపీయో మఫ్లరో తొడిగి పోతారు. డోర్కింగ్ జాతి కోడికి కాలికి ఐదు వేళ్లుంటాయనీ, మామూలు కోళ్లకి నాలుగేననీ మా సైకిలు జట్టులో పెద్దాయన చెప్పాడు.

"పందేనికి పనికొస్తుందా?" అని అడిగాను.

ఆయనకి అర్థం కాలేదు. సంక్రాంతికి మా గోదావరి జిల్లాల్లో ఏం జరుగుతుందో వివరించే ఓపిక ఆ రోజు నాకు లేదు. ముందు లీత్ హిల్ అనే కొండ ఉంది, ఊపిరి దాచుకోవాలి.

నేను పుట్టింది ఆత్రేయపురం పక్కన. ఎత్తంటే ఏమిటో తెలియని నేల అది. బొబ్బర్లంక నుంచి రావులపాలెం వైపు కాలవ గట్టు మీద రోడ్డు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క అరటితోటలు. లొల్ల లాకుల దగ్గర వంతెన ఎక్కడమే మాకు కొండెక్కడం. అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. నాన్న బడిపంతులు. ముప్పై ఏళ్లు అదే గట్టు మీద అదే సైకిలు తొక్కారు. రోజూ సాయంత్రం చైనుకి ఓ చుక్క కొబ్బరినూనె వేసేవారు. వెయ్యకూడదని నాకు ఇంగ్లండులో తెలిసింది. చెప్పినా ఆయన మానలేదు.

2010లో మూడు నెలల పని మీద లండన్ వెళ్లి ఆరేళ్లు ఉండిపోయాను. కాపురం కింగ్‌స్టన్‌లో. ఆఫీసులో సైకిలు కొనుక్కోవడానికి ఒక స్కీము ఉండేది, జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకుంటారు, దానిమీద పన్ను ఉండదు. పన్ను పడదంటే ఆగుతామా! సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు, స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు కూడా విడిగా కొనుక్కోవాలి. ఫోటో పంపిస్తే నాన్న, "సగం సైకిలు ఇచ్చారేమిట్రా?" అన్నారు.

బూటుని పెడలుకి బిగించుకునే ఏర్పాటు ఒకటుంటుంది. దిగేముందు మడమ పక్కకి తిప్పితే ఊడుతుంది. ఆ సంగతి బుర్రకి తెలుసుగానీ కాలికి తెలియదు. ఈషర్‌లో ఎర్రలైటు పడింది, బ్రేకు వేశాను, రెండు కాళ్లూ బిగుసుకుని ఉన్నాయి, నరికిన అరటిచెట్టులా మెల్లగా పక్కకి ఒరిగిపోయాను. పక్క కారులో ముసలావిడ అద్దం దించి, దెబ్బ తగిలిందా నాయనా అన్నట్టు పలకరించింది. మోచెయ్యి దోక్కుపోయింది. దానికన్నా లైటు పచ్చగా మారేదాకా ఆవిడ జాలిగా చూస్తూ ఉండిపోవడం ఎక్కువ బాధ.

కింగ్‌స్టన్ నుంచి లెదర్‌హెడ్ మీదుగా మికిల్‌హామ్ దాటితే బాక్స్ హిల్ పాదం. ఓ 20 కిలోమీటర్లు. బాక్స్ అనేది అక్కడ పెరిగే ఒక చెట్టు పేరు, దాన్నిబట్టే కొండకీ ఆ పేరు. జిగ్‌జాగ్ రోడ్డని, మెలికలు తిరుగుతూ రెండున్నర కిలోమీటర్లు పైకి పోతుంది. నూరు అడుగులు ముందుకి పోతే ఐదు అడుగులు పైకి, అంతే. మన మారేడుమిల్లి ఘాట్ చూసినవాళ్లకి ఇదో లెక్క కాదు. కానీ కాలవగట్టు కాళ్లకి మొదటిరోజు చుక్కలు కనపడ్డాయి. రెండో మలుపులో ఆగి, ప్రకృతి చూస్తున్నట్టు నటించాను. ఓ పదేళ్ల పిల్ల వాళ్ల నాన్నతో కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటి వెళ్లిపోయింది.

2012 ఒలింపిక్స్ సైకిలు పందెం ఆ కొండ చుట్టూనే జరిగింది. మగవాళ్లు తొమ్మిది చుట్లు, ఆడవాళ్లు రెండు. ముందుగా రోడ్డంతా కొత్త తారు పోశారు, టైరు కింద పట్టుబట్టలా ఉండేది. రిచర్డ్ లాంగ్ అనే కళాకారుడు అదే రోడ్డు మీద తెల్లరంగుతో ఏటి మెలికల్లా ఒక బొమ్మ వేశాడు. కొండ మీద చూడాలంటే టికెట్టు కొనాలి, నాకు దొరకలేదు. జూలై 28 పొద్దున్నే మా ఆవిణ్ణీ పిల్లాణ్ణీ తీసుకుని హాంప్టన్ కోర్ట్ దగ్గర గట్టు మీద నిలబడ్డాం. వారం ముందే బ్రిటన్ మనిషి విగ్గిన్స్ టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం గెలిచాడు, ఇక్కడ వాళ్ల ఇంకో మనిషి కావెండిష్ గెలుస్తాడని ఊరంతా జెండాలు పట్టుకుని ఉంది. గంటన్నర నిలబడితే ముందు మోటారుసైకిళ్లు, తరవాత తేనెటీగల పట్టు కదిలినట్టు ఓ చప్పుడు, ఓ గాలి తోపు, అయిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. "ఇంతేనా?" అంది మా ఆవిడ. ఆ పందెం గెలిచింది కజకిస్తాన్ మనిషి వినోకురోవ్. మర్నాడు వానలో ఆడవాళ్ల పందెంలో లిజీ ఆర్మిట్‌స్టెడ్‌కి వెండి పతకం వచ్చింది, ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కి అదే మొదటి పతకం.

ఆ తరవాత బాక్స్ హిల్ మీద జనం పెరిగిపోయారు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తిరుపతి క్యూలా ఉండేది. నన్నడిగితే ఆ కొండకి ఉన్న పేరు దాని సత్తాకి మించింది. అసలు అందం దాని వెనకాల ఉంది. పేరు లేని సందు రోడ్లు, ఒక కారు పడితే రెండోది వెనక్కి పోవాల్సిన దారులు. రెండు పక్కలా నిలువెత్తు దడులు, మధ్యలో మనం. ఏప్రిల్ చివర్లో చెట్ల కింద నేలంతా నీలిపూలు. ఆగస్టు చివరికి దడుల్లో బ్లాక్‌బెర్రీలు నల్లగా మిగలపండి ఉంటాయి, సైకిలు దిగి కోసుకుని తినొచ్చు, ఎవరూ ఏమనరు. లీత్ హిల్ కింద ఇసకరాతి నేలలో కొన్ని దారులు బళ్లూ వానలూ కలిసి కొన్ని వందల ఏళ్లు అరగదీయగా కాలవల్లా లోపలికి దిగిపోయాయి. చెట్ల వేళ్లు మన భుజాల ఎత్తున వేలాడుతుంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా, తడిగా, పుట్టగొడుగుల వాసన. అలాంటి దారిలో ఒంటరిగా పోతుంటే చైను చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

దారులు వెతకడానికి ఫోను కన్నా, బ్రిటన్ సర్వే శాఖ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే కాయితం పటం మీదే నాకు మోజు. 187వ నంబరు పటం మడతలు చిరిగిపోయేదాకా వాడాను. అందులో బాగా ఏటవాలు రోడ్ల మీద బాణం గుర్తు వేస్తారు. బాణం పైకి చూపిస్తుందనుకున్నాను. కొండ కదా, పైకే చూపించాలి మరి! ఆ లెక్కన వైట్ డౌన్ అనే రోడ్డు మీద హాయిగా కిందికి జారిపోవచ్చని ఓ శనివారం బయల్దేరాను. రైలు వంతెన దాటగానే రోడ్డు గోడలా లేచి నిలబడింది. ఆ పటంలో బాణం ఎప్పుడూ పల్లం వైపే చూపిస్తుందట. ఏడు అడుగులకి ఒక అడుగు లేచే ఎత్తుకి అది మొదలు. సైకిలు దిగి నెట్టుకుంటూ వెళ్లాను, ఇనుప అడుగుల బూట్లతో, కొత్తకోడలు నడిచినట్టు.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు ఇంత దూరం తొక్కేది సగం కేకు కోసమే. లీత్ హిల్ ఎత్తు 294 మీటర్లు. కొండ మొత్తం వెయ్యి అడుగులు దాటాలని 1760లలో రిచర్డ్ హల్ అనే ఆయన పైన ఒక బురుజు కట్టించాడు. ఆ బురుజు కిటికీలోంచే టీ, కేకు అమ్ముతారు. పీస్‌లేక్ అనే చిన్న ఊరి కొట్లో చీజ్ స్ట్రాలు వేడివేడిగా దొరుకుతాయి. అవి పట్టుకుని ఆబింజర్ హామర్ వెళ్లి, అక్కడ గడియారం మీద కమ్మరి బొమ్మ సుత్తితో గంట కొట్టేదాకా కూర్చునేవాళ్లం. మా ఆవిడ మాత్రం పులిహోర ఉండ చేసి రేకు కాయితంలో చుట్టి ఇచ్చేది. ఉప్పు, పులుపు, పిండి, నూనె అన్నీ అందులోనే, ఏ ఎనర్జీ బారూ దానికి సాటి రాదు. ఓసారి ఊరి నుంచి వచ్చిన పూతరేకులు జట్టువాళ్లకి రుచి చూపిద్దామని జెర్సీ వెనకజేబులో పెట్టుకున్నాను. లీత్ హిల్ ఎక్కేసరికి చెమటకి తడిసి, నలిగి, బెల్లం ముద్దయింది. పెద్దాయన దాన్ని వేలితో తీసుకుని నాకి, "మీరు కాయితాన్ని కూడా తింటారా?" అన్నాడు. ఆయన తప్పు లేదు, చూడ్డానికి అలాగే ఉంది.

ఈ పెద్దాయన గురించి కొంచెం. రిటైరైన తపాలా మనిషి. అరవై దాటాయి. డోర్కింగ్‌లోనే నలభై ఏళ్లుగా కాపురం. మాటలు తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం పక్కనే వచ్చి, "ఇంకొక్క మలుపే" అనేవాడు. ఎప్పుడూ అబద్ధమే.

2012 శీతాకాలంలో ఓ ఆదివారం. బాక్స్ హిల్ అవతలి పక్క నుంచి బెచ్‌వర్త్ దిగి, పెద్దరోడ్డు మీద డోర్కింగ్ వైపు వస్తున్నాం. వెనకచక్రం మెత్తబడింది. ఆ వైపు కొండలన్నీ సుద్దనేల, సుద్దలో చెకుముకి రాళ్లు, వాన పడితే ఆ ముక్కలు రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. ఓ గోడకి సైకిలు ఆనించి టైరు విప్పాను. లోపల వేలితో తడుముతుంటే చురుక్కుమంది. బియ్యపుగింజ సగమంత చెకుముకి పలుకు, గాజులా మెరుస్తోంది. గోటితో పీకాను. టైరుకే గాటు పడింది. పెద్దాయన జేబులోంచి ఐదు పౌన్ల నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, గాటు లోపలివైపు అంటించి, కొత్త ట్యూబు ఎక్కించాడు. "ఇంటిదాకా పోతుంది" అన్నాడు. మా ఊరి సైకిలు షాపులో బేసిను నీళ్లలో ట్యూబు ముంచి బుడగలు వెతకడం గుర్తొచ్చింది. అక్కడ పాత ట్యూబు ముక్క, ఇక్కడ రాణిగారి బొమ్మ. వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి, గోడ వెనక ఏముందో తలెత్తి చూడలేదు.

ఆ తరవాత వేసంకాలంలో నాన్న ఫోన్ చేశారు. పేపర్లో ఏదో చదివారట.

"ఏరా, నువ్వు తిరిగే ఊళ్లలో డోర్కింగ్ అని ఏదైనా ఉందా?"

"ఉంది నాన్నా. ఇంచుమించు ప్రతి ఆదివారం దాని మీదుగానే వెళ్తాను."

కాసేపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"దొరగారు పోయింది అక్కడేరా. సమాధి కూడా ఆ ఊళ్లోనే."

మా వైపు దొరగారంటే ఒక్కరే. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు పాయల మీద 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్. ఊరూరా గుర్రం మీద ఆయన బొమ్మ. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. నేను సైకిలు నేర్చుకున్న కాలవ ఆయన ఆనకట్ట నుంచి వచ్చిన నీళ్లదే. ఆయన మన దేశం నుంచి తిరిగి వెళ్లాక, చివరి కాలం డోర్కింగ్‌లో గడిపి, 1899 జూలై 24న 96 ఏళ్ల వయసులో అక్కడే పోయారు.

పటం తీసి చూశాను. డోర్కింగ్ స్మశానం రైగేట్ రోడ్డు మీద, కోడిపుంజుకి కొంచెం ఇవతల. నేను పంచరు వేసుకున్న గోడ.

ఆ ఆదివారం జట్టుతో వెళ్లలేదు. కొండ కూడా ఎక్కలేదు. మికిల్‌హామ్ నుంచి తిన్నగా కిందికి వచ్చి కోడిపుంజు దగ్గర ఎడమకి తిరిగాను. ఏటవాలు నేల, పెద్దపెద్ద చెట్లు, వందల రాళ్లు. వరస వరసా పేర్లు చదువుకుంటూ పోయి, చాలాసేపటికి దొరకబుచ్చుకున్నాను. గుర్రం లేదు, కత్తి లేదు. అందరిలాంటి సమాధే. మా ఊళ్లో ఆయన బొమ్మకి జరిగే హంగులో నూరోవంతు కూడా లేదు. బూట్లు విప్పాలనిపించింది, విప్పాను. తడిగడ్డి, మేజోళ్లు తడిసిపోయాయి. ఏం చెయ్యాలో తోచక ఫోటో తీసి నాన్నకి పంపాను.

చదువుకునే రోజుల్లో దొరగారి విషయంలో నాన్నతో వాదించేవాణ్ణి. కంపెనీకి శిస్తు పెరుగుతుందన్న లెక్క లేకపోతే ఆనకట్టకి డబ్బిచ్చేవాళ్లా అని. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎవరికి తెలుసు అని. నాన్న ఎదురు వాదించేవారు కాదు. "సరే, కంచం ముందు కూర్చో" అనేవారు. నా వాదన ఇప్పటికీ తప్పు కాదనే అనుకుంటున్నాను. అయినా బూట్లు విప్పాను.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చాయి. 14 నుంచి 25 దాకా. దొరగారు పోయిన తేదీ వాటి మధ్యలో పడిందని నాన్నే లెక్కగట్టారు. ఆగస్టులో మా బావమరిది అత్తగారు లండన్ వస్తుంటే ఓ చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చి పంపారు. మూతకి చుట్టూ టేపు. నీళ్లు పైన తేటగా, అడుగున వేలెడు మందాన ఎర్రటి ఒండ్రు. "దొరగారికి ఓ పుడిసెడు పొయ్యి. మిగతాది నీ ఇష్టం" అని కబురు.

సైకిలుకి రెండు బాటిల్ హోల్డర్లుంటాయి. ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో గోదావరి. సీసా సన్నగా ఉండి గడగడలాడుతుంటే మా వాడి పాత మేజోడు చుట్టి బిగించాను. బాక్స్ హిల్ ఎక్కి అవతల దిగేసరికి, కుదుపులకి ఒండ్రు అంతా కలిసిపోయి, సీసా నిండా వరద గోదావరి. ఎండగా ఉంది. పెద్దాయన తన నీళ్లు తాగేసి, నా సైకిలు వైపు చూశాడు.

"ఆ టీ కొంచెం ఇస్తావా?"

"అది టీ కాదు" అన్నాను.

"మరేమిటి?"

"ఒక నది."

ఆయన మొహం చూడాలి మీరు. దాంతో మొత్తం చెప్పక తప్పలేదు. జట్టులో మిగతావాళ్లని ముందుకి పొమ్మని, ఆయన నాతో స్మశానంలోకి వచ్చాడు. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. టేపు ఊడదీసి, దోసిట్లో పోసుకుని, రాయి పాదం దగ్గర వదిలాను. గడ్డి మీద ఎర్రటి మరక పడింది, చూస్తుండగానే ఇంకిపోయింది. అవతల ఎవరో ఆవిడ పూలకుండీలో నీళ్లు మారుస్తూ మమ్మల్ని కాసేపు చూసి, తన పని తాను చూసుకుంది. మంత్రం ఏదీ గుర్తు రాలేదు. ఆ శ్లోకం సగం వచ్చింది, సగం మింగేశాను.

"నలభై ఏళ్లు ఈ గేటు ముందు నుంచి ఉత్తరాలు పట్టుకుని తిరిగాను, ఈయన పేరు వినలేదు" అన్నాడు పెద్దాయన. తరవాత అడిగాడు, "ఆ నది ఎంత వెడల్పు?"

ఆనకట్టే నాలుగు పాయల మీదా కలిపి మూడున్నర కిలోమీటర్లుంటుందని చెప్పాను. బాక్స్ హిల్ కింద పారే మోల్ నదిని కాళ్లు తడవకుండా రాళ్ల మీద అంగలేసుకుంటూ దాటెయ్యొచ్చు. మండు వేసవిలో అది కొంత దూరం నేలలోకి ఇంకి మాయమవుతుంది కూడా. ఆయన ఆ లెక్క మనసులో వేసుకుంటున్నట్టున్నాడు, చాలాసేపు మాట్లాడలేదు. కోడిపుంజు దగ్గరికి వచ్చాక, "ఇవాళ కేకు నాది" అన్నాడు.

మిగిలిన నీళ్లు మా ఆవిడ తులసికుండీలో పోసింది. ఆ చలికి తులసి ఎలాగూ బతకలేదు.

2016లో హైదరాబాదు వచ్చేశాం. ఆ సైకిలు ఇప్పుడు బాల్కనీలో ఉంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు, అప్పుడప్పుడు అక్కడికి తీసుకెళ్తాను. బాగానే ఉంటుంది, ఎత్తులూ దడులూ లేవు, బ్లాక్‌బెర్రీలు అసలే లేవు. నాన్నకి ఎనభై దాటాయి, సైకిలు మానిపించాం. గట్టు మీద సాయంత్రం నడుస్తారు.

పెద్దాయన మోకాలికి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బ్యాటరీ సైకిలు తొక్కుతున్నాడట. పండగలకీ పబ్బాలకీ మెసేజ్ ఏమీ పెట్టడు. పోయిన జూలైలో మాత్రం ఒక ఫోటో వచ్చింది. స్మశానం గేటుకి ఆనించిన సైకిలు, కింద ఒకే ఒక్క వాక్యం. మీ కాటన్ దగ్గర గడ్డి పెరిగింది.

నాన్నకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"అయితే మరి కోసెయ్యమనరా ఆయన్ని. అంత దూరం వెళ్లాడుగా" అన్నారు.